ఓడ టీవీల అన్న పేరు

మా అన్న దినాలు అయిపోయి, చుట్టాలు ఎవరి ఊర్లకు వాళ్లు మళ్లినంక వదిన మొదలు చేసిన పని టీవీ పెట్టుడు. పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే పెట్టేది. వంట చేసేటప్పుడు నడుస్తుండేది, గులాబీ తోటకు పోయినా నడుస్తుండేది, ఆమె పండుకున్నా నడుస్తుండేది. చూసుడు మాత్రం చూసేది కాదు. మా ఊరు చిన్న మంగళారంల ఇంటి ముంగట్నుంచి పోయేటోళ్లకు లోపల మనుషులు నిండుగ ఉన్నట్టు వినపడేది. లోపలికి పోతే వదిన ఒక్కతే వంటింట్ల పీట మీద కూసోని ఉండేది.

నేను చేవెళ్లల సర్కారు బడిల లెక్కలు చెప్త. పెండ్లి చేసుకోలె. ఆడనే ఒక కిరాయింట్ల ఉంట. ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి మొయినాబాద్‌ల దిగి, ఆటోల మా ఊరికి పోవుడు ఏండ్ల సంది అలవాటు. అన్న నాకంటె చాన పెద్ద. వదిన కాపురానికి వచ్చినప్పుడు నేను ఇంకా లంగా జాకెట్ తొడుక్కునే పిల్లను. నాకు జడలేసింది, బడికి పంపింది ఆమెనే. అందుకే ఇప్పటికీ నన్ను బిడ్డా అనే పిలుస్తది.

అన్న ఒక్కసారి సర్పంచ్ చేసిండు. ఊరి భూములు ఒక్కొక్కటే ఫామ్‌హౌజులు అవుతున్న కాలం. హద్దుల కాడ, దారుల పంచాయితీల కాడ, ఎప్పుడు చూసినా మనుషుల నడుమ ఉండేటోడు. గుండె ఆపరేషన్ అయినంక డాక్టర్ తిరుగుడు తగ్గించమన్నడు. అప్పటి సంది హాల్ల పెద్ద కుర్చీ, ముంగట టీవీ. మోకిల ఊర్ల ఉండే ఆయన బిడ్డ, అంటే నా మేనకోడలు, టీవీ వెనక పెట్టే స్టిక్ ఒకటి తెచ్చి పెట్టింది. వేలంత ఉంటది. నెట్ ఉంటె సినిమాలు, పాటలు, వార్తలు ఏవంటే అవి చూపిస్తది. దాని రిమోట్‌ల మైకు బొత్తాం ఉంటది. అది ఒత్తి పట్టుకోని మాట చెప్తే వింటది.

అన్నకు ఆ బొత్తాం చాన నచ్చింది. పంచాయతీ ఆఫీసుల అటెండర్‌ను పిలిచినట్టు పిలిచేటోడు. "ఏయ్, పాత పాటలు పెట్టురా" అనేటోడు. అది పెట్టంగనే మా దిక్కు చూసి నవ్వేటోడు. ఊర్ల ఎవ్వడు వినకపోయినా ఇది వింటదని అనేటోడు.

ఆయన పోయినంక కూడ టీవీ పెట్టంగనే తెర మీద మూడు గుండ్రాలు వచ్చేటివి. ఒకటి అన్న పేరు, ఒకటి వదిన పేరు, ఒకటి మేనకోడలి పేరు. ఎవరు చూస్తున్నరని అడిగేది టీవీ. వదిన అన్న పేరు మీదనే నొక్కేది. ఆయన సగం చూసి ఇడిచిపెట్టినయి, ఆయనకు నచ్చుతయని టీవీ అనుకున్నయి అన్నీ వరుసగ వచ్చేటివి. కబడ్డీ ఆటలు, డ్రిప్పు పైపులు ఎట్ల వెయ్యాల్నో చెప్పే వీడియోలు, పాత పాటలు.

"అమ్మా, దాంట్ల నీకు పనికొచ్చేది ఏమున్నది? నీ పేరు మీద నొక్కు" అన్నది ఒకరోజు మేనకోడలు.

"నా దాంట్ల ఏమొస్తదో నాకేం ఎరుక? ఆయనవి వస్తున్నయి గద, రానియ్యి" అన్నది వదిన.

ఆ మాట విన్నప్పుడు నాకు పెద్దగ ఏమనిపించలె. తర్వాత బస్సుల పోతుంటె సమజైంది. మనిషి లేడని ఆ స్టిక్‌కు ఎవరు చెప్పలె. దినాం కొత్తవి తెచ్చి ఆయన ముంగట పెడుతనే ఉన్నది.

ఆయన పోకముందే మేనకోడలు అమ్మానాయనలకు ఓడ ప్రయాణం బుక్ చేసి పెట్టింది. ముంబైల ఎక్కి కొచ్చిల దిగుడు. అన్న చెరువులు, కాల్వలు చూసిండు గాని సముద్రం చూడలె. డాక్టర్ సరే అంటె పోదాం అని ఆయననే అన్నడంట. ఆయన పోయినంక మేనకోడలు టికెట్లు క్యాన్సిల్ చేద్దామన్నది. వదిన వద్దన్నది.

"పోదాం అన్నడు గద. పోయొద్దాం" అన్నది.

నేను, మేనకోడలు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. చివరికి మేనకోడలు అన్న పేరు తీసి నా పేరు రాయించింది. బడికి సెలవు పెట్టి నేను తయారైన. బయలుదేరే రోజు వదిన టీవీ వెనక చెయ్యి పెట్టి స్టిక్ పీకి, రిమోట్‌తోని కలిపి అన్న దస్తీల మూట కట్టింది.

"అది ఎందుకు వదినా? ఓడల వాళ్ల టీవీ ఉంటది" అన్న నేను.

"ఇంట్ల ఒక్కటే ఎందుకు ఉండుడు" అన్నది. అది స్టిక్ గురించే అన్నదా, ఇంకెవరి గురించి అన్నదా నాకు తెల్వలె.

ముంబైల ఓడ ఎక్కేకాడ విమానాశ్రయంల లెక్కనే సామానంత మిషన్‌ల పెట్టి చూసిన్రు. ఫోన్ల చార్జింగుకని నేను తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసి పక్కకు పెట్టిన్రు. అగ్గి భయానికి ఓడల అసుంటివి ఉండరాదట, దిగేటప్పుడు ఇస్తమన్నరు. తర్వాత దస్తీ మూట విప్పి స్టిక్‌ను అటు ఇటు తిప్పి చూస్తున్నడు ఒకాయన. వదిన చెయ్యి నా మోచేతిని గట్టిగ పట్టుకున్నది.

"మా ఇంటి టీవీది" అన్నది ఆయనతోని తెలుగులనే. ఆయనకు సమజ్ కాకున్నా మూట కట్టి వాపస్ ఇచ్చిండు. ఓడ టీవీకి అది తగులుకుంటదో లేదో తెల్వదు గాని తీస్కపోవచ్చు అని హిందీల నాతోని అన్నడు.

మా గది చిన్నగున్నది. రెండు మంచాలు, తెరుచుకోని గుండ్రటి అద్దం కిటికీ, మంచాల ఎదురుంగ గోడకు టీవీ. ఆ చిన్న గదిల చప్పుడు లేకుండ వదినతోని కూసునుడు నాకు కష్టమనిపించి, సామాను కింద పెట్టంగనే నేనే టీవీ పెట్టిన.

నీలం సముద్రం బొమ్మ వచ్చింది. సన్నగ సంగీతం. దాని మీద ఇంగ్లీషుల స్వాగతం అని, కింద మా అన్న పేరు. ఇంటి పేరుతోని సహా, ముందల శ్రీ పెట్టి. దాని పక్కన వదిన పేరు. నా పేరు యాడ లేదు.

టికెట్ల మీద పేరు మారింది గాని, టీవీకి పంపిన కాడ పాతదే ఉండిపోయినట్టున్నది. ఎక్కడనో కంప్యూటర్‌ల అయిన చిన్న పొరపాటు అది, నాకు తెలుసు. వదినకు ఇంగ్లీషు రాదు గాని అన్న పేరు ఇంగ్లీషుల ఎట్లుంటదో తెలుసు. ట్రాక్టర్ మీద రాయించుకున్నడు గద. నేను రిమోట్ కోసం చెయ్యి చాపిన.

"ఉండనియ్యి" అన్నది వదిన. మంచం మీద కూసోని, చేతులు ఒళ్లె పెట్టుకోని ఆ తెరనే చూసింది. "ఆయన వస్తడని వీళ్లకు తెలుసు" అన్నది మెల్లగ.

జర సేపటికి మా గదులు చూసుకునే ఆయన తలుపు కొట్టి వచ్చిండు. యాభై దాటిన మనిషి, నెరిసిన మీసాలు. మంచి మర్యాద. దుప్పట్లు, తువ్వాలలు ఏడున్నయో చూపించి, గది నాలుగు దిక్కులు చూసి హిందీల అడిగిండు, సార్ ఎక్కడున్నరని. నన్ను పక్క గది మనిషి అనుకున్నట్టున్నది.

నేను నోరు తెరిచే లోపల వదిన చెప్పింది. మొయినాబాద్ అంగట్ల కూరగాయలు అమ్మి నేర్చుకున్న ఉర్దూ ఆమెది. "బాహర్ గయే" అన్నది. బయటికి పోయిండు అని.

ఆయన తల ఊపి పోయిండు. నేను వదిన ముఖం చూసిన. ఆమె అబద్ధం చెప్పినట్టు లేదు. ఇంట్ల ఉన్నప్పుడు ఎవరన్న సర్పంచ్ సాబ్ ఏడున్నడని వస్తే ఎట్ల చెప్పేదో అట్లనే చెప్పింది.

అట్ల మొదలైంది. సార్ చాయ్ తాగుతరా, కాఫీ తాగుతరా అని ఆయన అడిగితే, చక్కెర లేని చాయ్ అని చెప్పింది వదిన. పొద్దున మాకు రెండు కప్పులు, ఆయనకు ఒక కప్పు వచ్చింది. ఆ కప్పును టీవీ కింద బల్ల మీద పెట్టింది. ఆవిరి లేసి, తగ్గి, పైన పొర కట్టింది. టీవీల అన్న పేరు అట్లనే ఉన్నది. నేను అన్న కోసం బుక్ చేసిన మంచం మీద పండుకున్న, ఆయన కోసం పెట్టిన తువ్వాల వాడుకున్న. ఆ గదిల ఉండవలసిన మనిషి ఆయననే, నేనే ఎవరి చోట్లనో వచ్చి పడ్డ అన్నట్టు అనిపించబట్టింది. స్నానాల గదికెల్లి వస్తుంటె వదిన నా దిక్కు చూసి ఒక్క క్షణం నన్ను గుర్తు పట్టనట్టు ఆగేది.

ఓడ మీద అంత ఉన్నది. పాటలు, ఆటలు, ఈతకొలను, తిండి. వదిన పైకి వచ్చేది గాని ఎక్కువసేపు ఉండేది కాదు. "గదిల ఒక్కడే ఉన్నడు" అనేది నోట్లనే. నేను విననట్టు ఉండేదాన్ని.

రెండో రోజు మధ్యాహ్నం వరండాల ఆ గదులాయన ఎదురైండు. సార్‌ను ఒక్కసారన్న చూడలేదు, ఒంట్ల బాగలేదా, ఓడల డాక్టర్ ఉన్నడు, పిలువమంటరా అని నిజమైన ఫికర్‌తోని అడిగిండు. నేను ఇగ ఓపలేకపోయిన. ఆయన చనిపోయి నెలలయింది, ఆమె నా వదిన, అన్న మీద బెంగతోని గిట్ల చెప్తున్నదని చెప్పిన. ఆయన రెండు చేతులు జోడించిండు.

నేను పైకి పోయి వదినతోని జర సేపు సముద్రం చూసిన. ఎటు చూసినా నీళ్లే. ఆమె కొంగు గాలికి ఎగురుతుంటె రెండు చేతులతోని పట్టుకోని కూసున్నది. తర్వాత కిందికి దిగినం. తలుపు తీయంగనే టీవీ కనపడ్డది. అదే నీలం సముద్రం, అదే సంగీతం. పేర్లు మారినయి. వదిన పేరు, దాని కింద నా పేరు. చాయ్ కప్పు కూడ తీసేసి బల్ల తుడిచిన్రు. ఆ గదులాయన మంచికే చేసిండు. కింద ఆఫీసుకు పోయి, ఆ అమ్మకు బాధ కలుగుతదని పేరు మార్పించిండు.

వదిన గడప కాడనే ఆగింది.

"ఏడికి పోయిండు?" అన్నది.

నేను తలుపు మూసిన.

"నువ్వు చెప్పినవా?"

"చెప్పిన వదినా. డాక్టర్‌ను పిలుస్తనన్నడు. అందుకే చెప్పిన."

ఆమె కొట్లాడలె, ఏడ్వలె. మంచం మీద కూసోని చెప్పులు ఇడిచింది. "దిగేదాంక ఉండనిస్తే ఏం పోయేది బిడ్డా" అన్నది. ఇగ ఆ పూట అన్నానికి రాలె. పండ్లు తెచ్చి పెడితే ముట్టలె. నేను కింద ఆఫీసుకు పోయిన. ఆడ కూసున్న ఆమెకు కథంత చెప్పి, పాత పేరే మళ్ల పెట్టుమని అడిగిన. నా మాట నాకే వింతగ వినపడ్డది. ఆమె నొచ్చుకుంటనే కాదన్నది. ఓడల లేని మనిషి పేరు గది మీద పెట్టరాదట. ఆపద వస్తే ఆ పేర్లు చూసే మనుషులను వెతుకుతరట. నేను మళ్ల గదికి వచ్చిన.

అప్పుడు యాదికొచ్చింది, సంచిల స్టిక్ ఉన్నదని. దాంట్ల అన్న పేరు ఉంటది, దాన్ని ఎవ్వరు మార్చలేదు.

చెప్పినంత సులువు కాలె. ఇంట్ల టీవీకి పెట్టినట్టే వెనక చెయ్యి పోనిచ్చి పెట్టిన. అన్ని పెట్టినా తెర మీద ఓడ బొమ్మనే వస్తున్నది. వాళ్ల రిమోట్‌ల వేరే దానికి మార్చే బొత్తామే లేదు. ఓడ కార్యక్రమాలు తప్ప వేరేది రాకుండ కట్టు వేసినట్టున్నరు. ఆ గదులాయనను పిలిచి అడిగిన. పేరు మార్పించి తప్పు చేసిన్నా అని ఆయన అప్పటికే బాధ పడుతున్నడు. పోయి, టీవీలు బాగు చేసే మనిషిని తోల్కొచ్చిండు. ఆ మనిషి టీవీని గోడకెల్లి జర ముందలికి లాగి, వెనకున్న ఓడ వాళ్ల డబ్బా నుంచి వచ్చే వైరు పీకి, ఆ సందులనే మా స్టిక్ పెట్టిండు. దిగేటప్పుడు మళ్ల ఎట్లున్నదట్ల పెట్టి పొమ్మని చెప్పిండు.

తెర నల్లగైంది. తర్వాత మా ఇంట్ల వచ్చే వెలుగే వచ్చింది. మూడు గుండ్రాలు. వదిన లేచి కూసున్నది. రిమోట్ ఆమె చేతుల పెట్టిన. అన్న పేరు మీద నొక్కింది.

ఏం రాలె. నెట్ లేదు. ఓడ వైఫై కలుపుదామంటె, ముందు ఒక పేజీ తెరుచుకోని గది నంబర్ అడుగుతది. ఫోన్ల అయితె ఆ పేజీ వస్తది, స్టిక్‌ల రాదు. నా ఫోన్ నుంచి నెట్ ఇద్దామంటె నడి సముద్రంల సిగ్నల్ యాడిది. తెర నిండ బూడిద రంగు ఖాళీ డబ్బాలు, పైన మూల మీద అన్న పేరు. అంతే.

నేను రిమోట్ తీసుకోబోయిన. "పేరున్నది గద, చాలు" అన్నది వదిన. ఆ సాయంత్రమంత ఆ ఖాళీ డబ్బాల ముంగట కూసున్నది. నేను పక్క మంచం మీద కూసోని ఆమెను చూసిన. ఓడ మెల్లగ ఊగుతుంటె తెర వెలుగు ఆమె ముఖం మీద అటు ఇటు కదిలింది. ఏదో వస్తదని ఎదురు చూస్తున్నట్టు ఉన్నది ఆమె వాలకం. నిజం చెప్పాల్నంటె నేను కూడ ఎదురు చూసిన.

తెల్లారి ఓడ కొచ్చి రేవుకు చేరింది. దిగుడు సాయంత్రం. ఫోన్ల సిగ్నల్ రాంగనే మేనకోడలికి చేసి అంత చెప్పిన.

"అత్తమ్మా, నీకు ఒక్కటి చెప్పలె నేను. బాపు ఆ రిమోట్‌ల మాట్లాడినవన్ని యాప్‌ల అట్లనే ఉన్నయి. గొంతుతోని సహా. ఒక్కటే విన్న. తర్వాత వినలేకపోయిన" అన్నది.

ఆ యాప్ నా ఫోన్ల ఎట్ల పెట్టుకోవాల్నో చెప్పింది. పెట్టుకున్న. వరుసగ చిన్న చిన్న గీతలు, ఒక్కొక్క దాని పక్కన వినడానికి గుర్తు. నేను ముట్టలె. వదిన ముంగట కూసున్న.

"అన్న గొంతు ఉన్నదట వదినా. రిమోట్‌తోని మాట్లాడింది. వింటవా?"

ఆమె కిటికీ దిక్కు చూసింది. బయట క్రేన్లు, పడవలు. "పెట్టు" అన్నది.

వదినకు చెవులు జర తక్కువ వినపడుతయి, ఫోన్‌ల చిన్న గొంతు ఆమెకు అందదు. అందుకని నా ఫోన్ నెట్‌నే స్టిక్‌కు ఇచ్చి, ఫోన్‌ను టీవీకి కలిపిన. ఫోన్ తెర పెద్దగ టీవీల కనపడ్డది. మొదటి దాని మీద నొక్కిన.

"ఏయ్, పాత పాటలు పెట్టురా."

గది నిండ అన్న గొంతు. ముందు ఒక దగ్గు, తర్వాత మాట. నేను తటాలున తలుపు దిక్కు తిరిగి చూసిన. వదిన మాత్రం కదలలె. ఆమె చానరోజుల సంది ఆ గొంతు వింటనే ఉన్నట్టు అనిపించింది నాకు, కొత్తగ విన్నది నేనే.

"సౌండ్ పెంచు." "గిది కాదు, ఇంకోటి." "రేపు వాన పడ్తదా?" ఒక్కొక్కటి పెడుతున్న. వదిన తల ఊపుతున్నది. వాన మాటకు "పడలె ఆ రోజు" అని మెల్లగ జవాబు చెప్పింది.

తర్వాత దాంట్ల ఆయన టీవీతోని మాట్లాడుతలేడు. బొత్తాం ఒత్తి పట్టుకోనే ఇంట్ల పిలుస్తున్నడు. "ఇగో, ఇటు రా జర. ఇది నా మాట వింటలేదు." దూరంకెల్లి ఒక ఆడగొంతు వచ్చింది. "వస్తున్న, ఆగు. చేతులకు పిండి ఉన్నది. మీ ఇద్దరికి నేను పంచాయితీ చెప్పాల్నా ఇప్పుడు?" ఆ మాటెంబడి నవ్వు. గలగల, ఇల్లంత వినపడే నవ్వు.

"గామె ఎవరు?" అన్నది వదిన.

నేను ఆమె ముఖం దిక్కు చూసిన. ఆట పట్టిస్తలేదు.

"నువ్వే వదినా."

"నేనా?"

మళ్ల పెట్టుమన్నది. పెట్టిన. లేచి టీవీ కాడికి పోయి, చెవి దగ్గర పెట్టి విన్నది. మళ్ల పెట్టుమన్నది. ఆయన మాట వచ్చినప్పుడు ఆమె వింటలేదు, అది అయిపోయేదాంక ఆగుతున్నది. ఆడగొంతు రాంగనే కండ్లు మూసుకుంటున్నది. ఎన్నిసార్లు పెట్టిన్నో తెల్వదు. చివరికి "బందు చెయ్యి. తీసెయ్యి దాన్ని" అన్నది.

నేను స్టిక్ పీకి, ఓడ వైరు మళ్ల ఉన్నకాడ పెట్టిన. నీలం సముద్రం వచ్చింది. ఆమె దాన్ని చూడలె. అద్దం ముంగట నిలబడి జుట్టు ముడేసుకున్నది. నా దిక్కు తిరగకుండనే అన్నది:

"ఆయన పోయిండని తెలుసు నాకు. గామె కూడ పోయిందని ఇయ్యాలనే తెలిసింది."

ఆ తర్వాత ఆకలైతున్నదన్నది. పైకి పోయి ఇడ్లీ తిన్నం. దిగేటప్పుడు ఆ గదులాయన చేతులు జోడించి నిలబడితే, వదిన ఆయన భుజం తట్టి ఏదో అన్నది. ఏమన్నదో నాకు వినపడలె.

శంషాబాద్‌ల విమానం దిగినంక మేనకోడలు కార్ల ఇంటికి తీస్కపోయింది. అజీజ్‌నగర్ కాడ రిసార్టుల ముంగట పెండ్లి బండ్లు నిండి చానసేపు ఆగినం. వదిన కిటికీకెల్లి లైట్లు, బండ్ల మీది పూలు చూసుకుంట, ఈ గులాబీలు మన దిక్కు తోటలవా, బయటివా అని మేనకోడలిని అడిగింది. ఆమె తోట సంగతి మాట్లాడుడు అదే మొదలు, అన్న పోయినంక. మేనకోడలు అద్దంలకెల్లి నన్ను చూసింది. కండ్లల్ల నీళ్లున్నయి.

ఇంట్ల స్టిక్ మళ్ల పెట్టలె. టీవీనే పెట్టలె. నేను ఆదివారం పోతే ఇల్లు మూగగ ఉండేది. ఊర్లోళ్లు ఆమె కోలుకున్నదన్నరు. తోటకు పోతున్నది, కూలోళ్లతోని కూసోని అన్నం తింటున్నది, అంతా నిజమే. కాని ఒక ఆదివారం నేను అరుగు మీద చెప్పులు ఇడుస్తుంటె వంటింట్లకెల్లి మాటలు వినపడ్డయి. ఎవరొచ్చిన్రో అనుకున్న. కిటికీలకెల్లి చూస్తే వదిన ఒక్కతే. రొట్టెల పిండి పిసుకుతున్నది.

"వస్తున్న, ఆగు" అంటున్నది. జర ఆగి, గొంతు పెంచి మళ్ల అంటున్నది. "వస్తున్న, ఆగు." ఈసారి చివర నవ్వ చూసింది. రాలె. పాఠం అప్పజెప్పుకునే పిల్ల లెక్క మళ్ల మొదలు పెట్టింది.

నేను వెనక్కి జరిగి, చెప్పులు మళ్ల తొడుక్కోని, బజారు దాంక పోయొచ్చిన. వచ్చేసరికి రొట్టెలు అయినయి. ఇద్దరం తిన్నం.

ఆ యాప్ మాత్రం నా ఫోన్ల ఉండిపోయింది. చేవెళ్లల ఇంట్ల ఒక్కదాన్నే ఉన్నప్పుడు తెరుస్త. మొదలు మొదలు అన్న కోసం విన్న. తర్వాత తర్వాత వేరే దాని కోసం వెతుకుతున్నట్టు నాకే తెలిసింది. ఇన్నేండ్లు ప్రతి ఆదివారం పోయిన గద, ఆయన కుర్చీ పక్కననే కూసున్న గద, ఎక్కడన్న ఒక్క కాడ నన్ను చెల్లె అని పిలిచి ఉంటడనుకున్న. పాటలు పెట్టుమన్నవి ఉన్నయి, సౌండ్ తగ్గించుమన్నవి ఉన్నయి. నన్ను పిలిచింది లేదు.

ఒక్కటి ఉన్నది, అది మాత్రం ఏమీ తేల్చదు. దాంట్ల ఆయన దగ్గుతడు. వెనక వార్తలు నడుస్తుంటయి. దూరంగ ఇనుప గేటు కిర్రుమంటది. అన్న, "ఎవరు?" అంటడు. అంతల బొత్తాం ఇడిచిపెట్టిండు, ఆడికి అయిపోతది. ఏ రోజుదో చూసిన, ఆదివారమే. కాని ఆదివారం ఆ ఇంటికి పాలాయన వస్తడు, తోట పట్టినోళ్లు వస్తరు, పంచాయితీలోళ్లు వస్తరు. ఆ గేటు తీసింది నేనే కావొచ్చు, కాకపోవచ్చు.

మొన్న మేనకోడలు ఫోన్ చేసి, "అత్తమ్మా, బాపు మాటలన్ని ఆ యాప్‌లకెల్లి తీసేద్దామా? అమ్మను అడిగితె నీ ఇష్టం అన్నది" అన్నది.

కొన్ని రోజులు ఉండనియ్యి అని చెప్పిన.